నడుము నొప్పికి నా కాలు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావాల్సింది కాళ్ళు ముందు వచ్చాయట, మా అమ్మ చచ్చి బతికిందట. అలా పుట్టినవాళ్ళు కాలితో తాకితే పట్టేసిన నడుము విడుస్తుందని మా గోదావరి వైపు గట్టి నమ్మకం. నాకు ఆరేళ్ళు వచ్చేసరికే మా వీధిలో నా కాలికి గిరాకీ. వరి కోతల రోజుల్లో పొద్దున్నే మా అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. నేను పళ్ళు తోముకుంటూ వచ్చి ఎడమ కాలితో మూడుసార్లు తన్ని వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళు లేచి, నడుము మీద చేయి వేసుకుని, నా చేతిలో బెల్లం ముక్కో జామకాయో పెట్టేవారు. పెద్దవాళ్ళని తన్నితే తినడానికి పెట్టే చోట పెరిగిన పిల్లకి వినయం ఎక్కడినుంచి వస్తుంది? నాకు రాలేదు.

పెద్దయ్యాక నడుముల చదువే చదివాను. ఫిజియోథెరపిస్టునై, పెళ్ళి చేసుకుని, డెబ్బై ఎనిమిదిలో అమెరికాలోని జెర్సీ సిటీకి వచ్చాను. ఇక్కడి లైసెన్సు పరీక్ష ఒకసారి తప్పి రెండోసారి పాసయ్యాను. ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. అక్కడ బేస్‌మెంట్‌లో ప్రతి మంగళవారం నడుము నొప్పి ఉన్నవాళ్ళకి క్లాసు ఉండేది. రెండేళ్ళలో ఆ క్లాసు నా చేతికి వచ్చింది.

రేవులో మూటలు మోసేవాళ్ళు, లారీ డ్రైవర్లు, రోజంతా టైపు కొట్టే ఆడవాళ్ళు వచ్చేవారు. అందరికీ చెప్పేది ఒకటే. పొద్దున్న మంచం మీంచి ఒక్క ఉదుటున లేవకండి, పక్కకి ఒత్తిగిలి చేతి ఊతంతో లేవండి. అరగంటకి మించి కూర్చోకండి. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకి ఆనాలి. బరువు ఎత్తాలంటే మోకాళ్ళు వంచండి, బరువుని ఒంటికి ఆనించుకుని ఎత్తండి. రోజూ నడవండి. మెత్తటి సోఫాలో కూరుకుపోయి కూర్చోకండి. ఒక లారీ డ్రైవరు వెనక జేబులో ఇటికంత పర్సు పెట్టుకుని దాని మీదే ఏళ్ళ తరబడి కూర్చుని తోలుతున్నాడని కనిపెట్టి, ఆ పర్సు లాగి అందరి ముందూ బల్ల మీద పడేశాను. ఇదీ నీ జబ్బు అన్నాను. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు, కానీ మళ్ళీ క్లాసుకి రాలేదు.

ఇవన్నీ మంచి అలవాట్లే. ఇవాళ్టికీ ఇవే చెబుతాను. చెడ్డది నా నోరు. నడుము నొప్పి అంటే ఎవరికి వారు ఒళ్ళు బద్ధకంతో తెచ్చుకున్నది అని నా అభిప్రాయం. ఒకావిడ ఏడిస్తే, ఏడుపు మానండి, కండరాలు ఇంకా బిగుసుకుంటాయి అన్నాను. అంత బాగా చెప్పినందుకు ఆ రోజంతా నా మీద నాకే ముచ్చటేసింది. ఇంట్లో సోఫా తీయించేశాను. మా ఆయన చెక్క కుర్చీలో నిటారుగా కూర్చుని టీవీ చూసేవాడు. మా ఇంటికొచ్చిన చుట్టాలు పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నట్టు కూర్చునేవారు. ఎవరూ ఎక్కువసేపు ఉండేవారు కాదు.

ఆదివారాలు ఇరవై కుటుంబాల వాళ్ళం ఒక అమెరికన్ చర్చి కింది హాల్లో తెలుగు ఆరాధన పెట్టుకునేవాళ్ళం. తర్వాత అక్కడే భోజనాలు. ఒకసారి భోజనాల దగ్గర మా ఆయన నోరు జారి నేను ఎదురుకాళ్ళ పిల్లనని చెప్పాడు. అంతే. మూఢనమ్మకాల మీద ఆ పూటే అరగంట ప్రసంగం చేసిన సంఘపెద్ద చేతులు కడుక్కునే నెపంతో వంటగదిలోకి వచ్చి, ఎవరూ చూడకుండా ఒక్కసారి కాలు ఆనించమని అడిగాడు. నేను గొంతు తగ్గించలేదు. ముందు ఆ పొట్ట తగ్గించండి, నా కాలు సంగతి తర్వాత చూద్దాం అన్నాను. హాల్లో అందరికీ వినపడింది. ఆయన మొహం మాడిపోయింది. దారిలో మా ఆయన, పెద్దాయన్ని అలా అనకుండా ఉండాల్సింది అన్నాడు. నేను లైసెన్సు ఉన్న మనిషిని, తన్నడానికి రాలేదు అన్నాను.

నా నోటి వల్ల ఇబ్బంది పడనిది ఒక్క మామ్మగారే.

ఆమె మా సంఘంలో ఒకతని తల్లి. అరవై దగ్గర పడుతున్న మనిషి, సన్నగా ఉండేది. కొడుకూ కోడలూ ఇద్దరూ న్యూయార్క్‌లో ఉద్యోగాలకి రైల్లో వెళ్ళేవారు. ఆమె ఇంట్లో ఉండి మనవడితో పాటు మా అమ్మాయినీ, ఇంకో ఇద్దరు తెలుగు పిల్లల్నీ చూసుకునేది. పిల్లలు మామ్మ అంటే మేమూ మామ్మగారు అనేవాళ్ళం. వాళ్ళుండేది పాత ఇటుకల బిల్డింగులో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్లు నిటారుగా ఉండేవి.

పొద్దున్న ఏడుంపావుకి నేను కారు రోడ్డు మధ్యలోనే ఆపేదాన్ని, పార్కింగ్ దొరకదు కనక. బెల్ కొట్టేదాన్ని. ఆమె మూడంతస్తులూ దిగి వచ్చేది. రెండున్నరేళ్ళ పిల్లని కోటుతో, బూట్లతో, సంచీతో సహా ఆమె చేతుల్లో పెట్టేదాన్ని. ఆమె ఎత్తుకుని పైకి ఎక్కేది. పిల్లకి మెట్లెక్కడం రాదని నేనే చెప్పాను. నిజానికి ఎక్కనిచ్చి చూసేంత తీరిక నాకు లేదు. పిల్లని అందిస్తూ, మోకాళ్ళు వంచండి మామ్మగారూ, నడుము వంచకండి అని చెప్పేదాన్ని. అలాగేనమ్మా అనేది. నేను ఆసుపత్రికి ఒక్క రోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు.

ఆ ఏడు చలి మొదలయ్యేటప్పటికి ఆమెకి నడుము పట్టేసింది. సాయంత్రం పిల్లని తీసుకోవడానికి పైకి వెళ్ళినప్పుడు, కాలు ఆనించమని నవ్వుతూ అడిగింది. నేను నవ్వలేదు. అక్కడే కార్పెట్ మీద పడుకోబెట్టి పదిహేను నిమిషాలు వ్యాయామాలు చూపించాను. క్లాసులో పంచే కాగితం ఒకటి తెచ్చిచ్చాను. ఇంగ్లీషు రాకపోయినా బొమ్మలున్నాయి కదా అని దాన్ని ఫ్రిజ్‌కి అంటించి, పిల్లలు నిద్రపోయినప్పుడల్లా ఆ బొమ్మల్లో ఉన్నట్టే చేసేది. నాకు అంత శ్రద్ధగల పేషెంటు మళ్ళీ దొరకలేదు.

నొప్పి తగ్గలేదు. ముందు ఒక కాల్లోకి దిగింది, తర్వాత రెండో కాల్లోకి. మళ్ళీ అడిగింది. కొడుకుని అడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను, వాడికి సెలవు దొరకదమ్మా అంది. అయితే ఆ సోఫా వదలండి అన్నాను. వాళ్ళింట్లో గోధుమరంగు పాత సోఫా ఒకటి ఉండేది. కూర్చుంటే మనిషి లోపలికి దిగిపోతుంది. ఆమె మధ్యాహ్నాలు అందులో కూర్చుని ఒళ్ళో ఇద్దర్నీ, చెరో పక్కా ఒకర్నీ పెట్టుకుని పిల్లల్ని నిద్రపుచ్చేది. ఆ సోఫా అంటే నాకు పగ. ఆమె నొప్పికి కారణం అదేనని తేల్చేశాను. పొద్దున్నే నేను చేతుల్లో పెడుతున్న బరువు నాకు తట్టలేదు. తట్టి ఉంటే పార్కింగ్ వెతుక్కోవాల్సి వచ్చేది.

ఫిబ్రవరిలో ఒక బుధవారం సాయంత్రం నేను మా అమ్మాయికి కోటు గుండీలు పెడుతున్నాను. బయట మంచు. మామ్మగారు గోడ పట్టుకుని నించుని ఉంది.

"కూచుంటే కూచున్నట్టు తెలీట్లేదమ్మాయ్. కిందంతా మొద్దుబారిపోయినట్టుంది" అంది.

ఆ మాట ఎంత సరిగ్గా చెప్పిందో చూడండి. మా చదువులో దానికి ఒక పేజీ ఉంది. వెన్నెముక అడుగున నరాల కట్ట నలిగిపోతే రోగి సరిగ్గా ఆ మాటే చెబుతాడు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మూత్రం సరిగ్గా వస్తోందా అని. ఆగిందంటే ఇక వ్యాయామాలూ అలవాట్లూ లేవు, ఆ గంటలోనే ఆసుపత్రి. ముందు వారమే మా దగ్గరికొచ్చిన ఇద్దరు స్టూడెంట్లకి ఈ పాఠం నేనే చెప్పాను. మర్చిపోతే మనిషి కాలు పోతుంది అని బల్ల గుద్ది చెప్పాను.

మామ్మగారికి చెప్పింది వేరు. ఆ సోఫాలో కూరుకుపోయి కూర్చుంటే ఎవరికైనా తిమ్మిరెక్కుతుంది, చెక్క కుర్చీ వేసుకోండి అన్నాను.

ఆమె ఇంకేదో చెప్పబోయింది. బాత్రూమ్ వైపు చూసింది, పిల్లల వైపు చూసింది, గొంతు తగ్గించి ఇంకోటి కూడా ఉందమ్మా అంది. నేను వాచీ చూసుకున్నాను. ఆమె ఆగిపోయింది. పోనీలే, ఒక్కసారి కాలు పెట్టమ్మా, ప్రభువు నీకు మేలు చేస్తాడు అంది.

నాకు ఒళ్ళు మండింది. నాలుగు నెలలుగా పాఠం చెబుతుంటే మళ్ళీ అదే మాట. సరే, పడుకోండి అన్నాను. ఆమె గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, కార్పెట్ మీద బోర్లా పడుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చెయ్యలేదు. బూటు విప్పి ఎడమ కాలు ఆమె నడుము మీద పెట్టి మూడుసార్లు నొక్కాను. మొదటి రెండూ ఆమె అడిగినవి. మూడోది విసుగు. కావాల్సిన దానికంటే గట్టిగా నొక్కాను, ఆ సంగతి నొక్కుతున్నప్పుడే నాకు తెలుసు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నరాలు నలిపింది నా కాలు కాదు. ఆ పని అంతకు ముందే మొదలైందని తర్వాత సర్జన్ చెప్పిన దాన్ని బట్టి తెలిసింది. ఈ మాట నాకు ఊరట కోసం రాయడం లేదు. కాలే కారణమైతే తెలియక చేశానని అనుకునేదాన్ని. నేను చేసింది తెలిసి వినకపోవడం.

శనివారం ఆమె ఫోన్ చేసింది. నొప్పి మొత్తం పోయిందట. నీ కాలు మంచిదమ్మా అంది. కాళ్ళు కొంచెం తేలిపోతున్నాయి, అంతేనట. రెండు కాళ్ళలో ఉన్న అంత నొప్పి ఒక్కసారిగా పోయిందంటే నరం చచ్చిపోతోందని అర్థం. నాకు ఆ అర్థం తోచలేదు, గర్వం తోచింది. ఫోన్ పెట్టేసి మా ఆయనకి చెప్పి నవ్వాను.

ఆదివారం ఆమె కొడుకు భుజం పట్టుకుని హాల్లోకి వచ్చి, కూర్చున్నచోటినించే అందరికీ నా కాలి మహిమ చెప్పింది. సంఘపెద్ద మళ్ళీ వంటగదిలోకి వచ్చాడు. ఈసారి నేను కాదనలేదు. ఆ మధ్యాహ్నం ఐదుగురి నడుముల మీద కాలు పెట్టాను. సరదాకే అనుకున్నాను. కానీ ఆరేళ్ళప్పటి ఆ గిరాకీ మళ్ళీ వచ్చినందుకు లోపల ఎంత సంతోషంగా ఉందో నాకు తెలుసు.

వెళ్ళేటప్పుడు మామ్మగారు లేచిన కుర్చీ తడిసి ఉంది. ఆమె గబుక్కున శాలువా దాని మీద వేసింది. నేను చూశాను. ఎవరో నీళ్ళు ఒలకబోశారనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అలా అనుకుంటే హాయిగా ఉంటుందని అనుకున్నానా, ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోతున్నాను.

సోమవారం పొద్దున్న బెల్ కొడితే ఆమె దిగి రాలేదు. మళ్ళీ కొట్టాను. వెనక కార్లవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. వేలు బెల్ మీదే పెట్టి తియ్యకుండా నొక్కాను. ఎవరో బయటికి వెళుతూ తలుపు తీస్తే, పిల్లని చెయ్యి పట్టుకుని విసురుగా లోపలికి నడిచాను. మా అమ్మాయి నా చెయ్యి విడిపించుకుని, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి మూడంతస్తులూ తనే ఎక్కేసింది. ఎక్కడా ఆగలేదు. ఎత్తుకోమని అడగలేదు.

పైన తలుపు తీసే ఉంది. మామ్మగారు గడపకి ఇవతల నేల మీద పడి ఉంది. బెల్ మోగుతుంటే దిగి రావాలని అక్కడిదాకా పాకిందట. ఆమె మనవడు పక్కన కూర్చుని ఆమె జడతో ఆడుకుంటున్నాడు. వస్తున్నానమ్మా, కాళ్ళే రావట్లేదు అంది నాతో, నేను కోప్పడతానన్నట్టు.

అంబులెన్సు ఆమెని మా ఆసుపత్రికే తెచ్చింది. ఆమెకి ఇంగ్లీషు రాదు, కొడుకు న్యూయార్క్ నించి ఇంకా రాలేదు. సర్జన్‌కి మాట తర్జుమా చెయ్యడానికి నేనే మంచం పక్కన నించున్నాను. తెల్ల కోటు వేసుకునే ఉన్నాను. పొట్ట తాకి చూస్తే మూత్రం నిండి రాయిలా ఉంది; ఆదివారం కుర్చీ తడిపింది అలా నిండి పొంగిందే. ఆయన అడిగాడు, ఈ తిమ్మిరి ఎప్పుడు మొదలైంది, ఎవరికైనా చెప్పిందా అని. నేను తెలుగులో అడిగాను.

"బుధారం కదమ్మా, నీకు చెప్పింది" అంది. తర్వాత సర్జన్ వైపు చూసి, ఆయనకి తెలుగు రాదని తెలిసినా గొంతు తగ్గించి, "నీకు చెప్పానని అనకు. నీ ఉద్యోగానికి మాటొస్తుంది" అంది.

నేను సర్జన్ వైపు తిరిగాను. బుధవారం నించీ ఉందిట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదుట అన్నాను. ఇంగ్లీషులో, ఒక్క తడబాటు లేకుండా. రోజు మాత్రం మార్చలేదు, అది వైద్యానికి కావాలి కనక. నా నిజాయితీ అంతవరకే. ఆయన తల అడ్డంగా ఊపి కాగితం మీద రాసుకున్నాడు. మీ వాళ్ళలో ఆడవాళ్ళు ఇలా దాచుకుంటారా అని అడిగాడు. అవునన్నాను.

కొడుకు వచ్చేసరికి ఆపరేషన్‌కి తీసుకెళ్ళబోతున్నారు. సర్జన్ అతనికి అదే చెప్పాడు. అతను మంచం దగ్గరికొచ్చి తల్లి మీద అరిచాడు. ఐదు రోజులు దాచుకుంటావా, నీకేమన్నా మతి పోయిందా అన్నాడు. నన్ను చూపిస్తూ, "ఇంత చదువుకున్న మనిషి రోజూ ఇంటికొస్తోంది కదే. ఆవిడకైనా చెప్పొచ్చు కదా" అన్నాడు.

మామ్మగారు నా వైపు చూడలేదు. "నా బుద్ధి గడ్డి తిందిరా" అంది.

నేను అక్కడే ఉన్నాను. రెండడుగుల దూరం. నోరు తెరిస్తే చాలు. అతను నా వైపు తిరిగి, మీకు చాలా శ్రమ ఇచ్చాం, మీరే లేకపోతే ఏమైపోయేదో అని చేతులు పట్టుకున్నాడు. ఫరవాలేదన్నాను.

కుడి కాలు సగం తిరిగొచ్చింది. ఎడమ కాలు రాలేదు. మూత్రం తెలియడం ఇక ఎప్పటికీ రాలేదు. లిఫ్టు లేని ఆ మూడో అంతస్తులో చక్రాల కుర్చీలో నాలుగేళ్ళు ఉంది. కిందికి దించాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి, అందుకని క్రిస్మస్ పండగకీ ఈస్టర్‌కీ తప్ప దించేవారు కాదు. నేను ప్రతి గురువారం వెళ్ళి వ్యాయామాలు చేయించేదాన్ని. కారు పార్క్ చేసి మెట్లెక్కి వెళ్ళేదాన్ని. ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కోడలు టీ ఇచ్చి, మీ రుణం తీర్చుకోలేం అక్కా అనేది. కొడుకు మాత్రం తల్లి మీద కోపం పోగొట్టుకోలేకపోయాడు. నాలుగు మాటల్లో ఒకటి దాని మీదికే వెళ్ళేది. నువ్వు చేసుకున్నదే కదమ్మా అనేవాడు. అది నా క్లాసులో నేననే మాటే. ఆమె తల వంచుకునేది. నేను ఆమె మడమ పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తూ లెక్క పెట్టేదాన్ని.

ఎనభై అయిదు శీతాకాలంలో మూత్రంలో చీము పట్టి, అది ఒళ్ళంతా పాకి, పోయింది. చర్చి కింది హాల్లోనే జ్ఞాపకార్థ కూటం పెట్టారు. కొడుకు లేచి, అమ్మ ఒక్క మాట ఎవరికైనా చెప్పి ఉంటే ఈ రోజు మన మధ్య ఉండేది అన్నాడు. అమ్మలాంటి వాళ్ళు ఇంకెవరూ ఇలా పోకూడదని, నడుము గురించీ ఆరోగ్యపు అలవాట్ల గురించీ నన్ను నాలుగు మాటలు చెప్పమన్నాడు. సంఘపెద్ద మైకు నా ఎత్తుకి సరిచేసి ఇచ్చాడు.

ఇరవై నిమిషాలు మాట్లాడాను. మంచం మీంచి ఎలా లేవాలో, పిల్లల్ని ఎలా ఎత్తుకోవాలో చెప్పాను. అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పాను. కాళ్ళు మొద్దుబారినా, కూర్చుంటే కూర్చున్నట్టు తెలియకపోయినా, మూత్రం ఆగినా సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే తెలిసినవాళ్ళకి చెప్పండి అన్నాను. ముందు వరసలో ఆమె కొడుకు కళ్ళు తుడుచుకుని, అవును అన్నట్టు తల ఊపాడు.